మిరుగు జూన్‌లో, మార్గశిరం డిసెంబర్‌లో: చలికాలపు ఆకాశంలో మన కార్తెలు

జూన్ 8 దగ్గర పడిందంటే మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మన సిరొంచ తాలూకాలో ఏ తెలుగు ఇంట్లో విన్నా ఒకటే మాట: మిరుగు వచ్చింది. ఆ రోజు చేపల కూర వండాలి, మొగులు వైపు చూడాలి, విత్తనాల సంగతి మాట్లాడుకోవాలి. పక్కింటి మరాఠీ వాళ్లు కూడా ఆ రోజుల్లోనే మృగ నక్షత్రం మొదలైందని అంటారు. మళ్లీ ఆరు నెలలకు, వడ్లు కల్లానికి చేరే వేళకు, మార్గశిర మాసం వస్తుంది. మరాఠీ ఇళ్లలో మార్గశిర గురువారాల మహాలక్ష్మి వ్రతాలు జరుగుతుంటాయి.

మిరుగు అన్నా మార్గశిరం అన్నా పేరు ఒకే నక్షత్రానిది, మృగశిరది. మరి ఒకే నక్షత్రం ఎండాకాలం చివరా వస్తుంది, చలికాలంలోనూ వస్తుంది, ఇదెలా కుదురుతుంది? పిల్లలు అడిగితే పెద్దవాళ్లు "అది కార్తె, ఇది మాసం" అంటారు. జవాబు సరైనదే కానీ సగమే. మిగతా సగం చలికాలపు రాత్రి ఆకాశంలో ఉంది. చలికాలంలో ఆకాశంలో ఏం చూడాలని అడిగితే నేను చెప్పేది ఒక్కటే: మన కార్తెల్ని చూడండి. రోహిణి నుంచి మఖ దాకా వానాకాలమంతా పేరు పెట్టి పిలిచే నక్షత్రాలన్నీ కంటికి నిండుగా కనిపించేది ఈ చలి రాత్రుల్లోనే. ఆకాశాన్ని పరిచయం చేసే రాతలు చాలావరకు ఓరియన్, టారస్, జెమినై అనే ఇంగ్లీషు నక్షత్ర మండలాల పేర్లతో మొదలవుతాయి. ఆ పేర్లు నేర్చుకోవాల్సినవే. కానీ వ్యవసాయం ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లకు అంతకన్నా దగ్గరి దారి ముందే ఉంది.

ముందు చిక్కుముడి విప్పుదాం. భూమి సూర్యుని చుట్టూ ఏడాదికి ఒకసారి తిరుగుతుంది. భూమి మీద నిలబడి చూసే మనకు మాత్రం సూర్యుడే నక్షత్రాల మధ్య నుంచి రోజుకు కొంచెం చొప్పున తూర్పుకు జరుగుతున్నట్టు ఉంటుంది. ఆ దారిని పూర్వులు 27 భాగాలు చేసి, ఒక్కో భాగానికి అక్కడి నక్షత్రం పేరు పెట్టారు. సూర్యుడు ఒక్కో భాగాన్ని దాటడానికి 13 లేక 14 రోజులు పడుతుంది. కార్తె అంటే ఈ రోజులే. మిరుగు కార్తె అంటే సూర్యుడు మృగశిర దగ్గర ఉన్నాడని అర్థం. సూర్యుడి పక్కనే ఉన్న నక్షత్రం ఆయనతోపాటే పొద్దున్నే ఉదయించి, ఆయనతోపాటే గూకుతుంది. కాబట్టి జూన్‌లో మబ్బు లేకుండా ఎంత తేటగా ఉన్నా మృగశిర కంటికి దొరకదు. ఏ కార్తె నడుస్తుంటే ఆ నక్షత్రం ఆ రోజుల్లో సాధారణంగా కనబడదు. కార్తెల గురించి ముందుగా తెలుసుకోవాల్సిన సంగతి ఇదే. మనలో చాలామందికి దీన్ని ఎవరూ చెప్పలేదు.

మాసం లెక్క చంద్రుడిది. పున్నమి నాడు చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటే ఆ నెలకు ఆ పేరు వస్తుంది. పున్నమి చంద్రుడు ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కున ఉంటాడు. అందుకే సూర్యుడు అటు గూకుతుంటే చంద్రుడు ఇటు పైకొస్తాడు. మార్గశిర పున్నమికి చంద్రుడు మృగశిర దగ్గర ఉన్నాడంటే, సూర్యుడు ఆకాశంలో దానికి సరిగ్గా అవతలి పక్కన ఉన్నట్టే. అప్పుడు మృగశిర రాత్రంతా మన నెత్తి మీద నడుస్తుంది.

చలిమంట దగ్గర నిలబడి చూడండి. మంటకు అవతల ఉన్న ఇల్లు ఆ వెలుగులో కనబడదు. మంట చుట్టూ సగం తిరిగి అవతలికి వెళ్లి, మంటకు వీపు పెట్టి నిలబడితే అదే ఇల్లు ఎదురుగా ఉంటుంది. జూన్ నుంచి డిసెంబర్‌కు భూమి చేసేది ఈ సగం చుట్టే. వీపు పెట్టి నిలబడటమే రాత్రి.

దీన్నుంచి చేతిలో పట్టుకు తిరగదగ్గ ఒక లెక్క వస్తుంది. గోడ మీది పంచాంగంలో ఇవాళ ఏ కార్తె నడుస్తుందో చూడండి. దానితో కలిపి 14 నక్షత్రాలు లెక్కపెట్టండి. పొద్దుగూకే వేళ తూర్పున పైకొచ్చేది ఆ పద్నాలుగోదే. డిసెంబర్ 16 నుంచి 28 దాకా సుమారుగా మూల కార్తె. మూల, పూర్వాషాఢ, ఉత్తరాషాఢ, శ్రవణం, ధనిష్ఠ, శతభిషం, పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర, రేవతి, అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి, మృగశిర. పద్నాలుగోది మృగశిరే. సంక్రాంతి రోజుల్లో ఉత్తరాషాఢ కార్తె నడుస్తుంది. అక్కడి నుంచి లెక్కిస్తే పునర్వసు వస్తుంది. ఆ రోజుల్లో సాయంత్రం చీకటి పడే సమయానికి తూర్పున చూస్తే పునర్వసు జంట నక్షత్రాలు పైకొస్తూ ఉంటాయి. ఏ యాప్ లేకుండా, 27 పేర్లు వరసగా వచ్చినవాళ్లు ఎవరైనా చేయగలిగిన లెక్క ఇది.

గడియారం గురించి ఒక్క మాట. నక్షత్రాలు రోజూ సుమారు 4 నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి. పదిహేను రోజులకు గంట, నెలకు రెండు గంటలు. మృగశిర దగ్గరే ఉండి, నవంబర్ మధ్యలో రాత్రి 8 గంటలకు తూర్పున పైకొచ్చే మూడు నక్షత్రాల వరస డిసెంబర్ 20 నాటికి పొద్దుగూకగానే పైకొస్తుంది. జనవరి చివర రాత్రి 9 గంటలకల్లా దాదాపు నెత్తి మీద ఉంటుంది. ఒకరు చూసిన చోట ఇంకొకరికి కనబడలేదంటే చాలాసార్లు తేడా తేదీదో గంటదో అయి ఉంటుంది.

ఇక చూడటానికి వెళ్దాం. చూసే చోటు విషయంలో మన తాలూకా అదృష్టం చేసుకున్నది. చుట్టూ అడవి, రెండు పక్కలా నదులు, దగ్గరలో పెద్ద నగరం లేదు. ఊరు దాటి నాలుగు అడుగులు వేస్తే ఆకాశం ఇంకా నల్లగానే ఉంది. చేనుకు కావలి ఉండే మంచె, కల్లం, మేడ ఏదైనా చాలు. అడవి అంచుకు ఒంటరిగా వెళ్లొద్దు. అమావాస్యకు అటూ ఇటూ ఉన్న వారం మంచిది. పున్నమి వెన్నెల్లో సగం నక్షత్రాలు మునిగిపోతాయి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ చూస్తే ఆ అలవాటు పోయి మళ్లీ మొదటికొస్తుంది. పుష్య, మాఘ మాసాల్లో నది పక్క ఊళ్లకు తెల్లవారుజామున మంచు పట్టేస్తుంది కాబట్టి రాత్రి 8 నుంచి 11 మధ్య చూడటం మేలు.

మొదట పట్టుకోవాల్సింది దగ్గర దగ్గరగా ఒకే గీత మీదున్న ఆ మూడు నక్షత్రాలను. ఇంగ్లీషు పుస్తకాలు వాటిని ఓరియన్ నడికట్టు అంటాయి. గోండుల్లో ఇక్కడ నాగలిని చూసేవాళ్లున్నారు. వానాకాలపు కార్తెల నడుమ నాగలి ఉండటం నాకెంతో సబబుగా తోస్తుంది. ఈ మూడింటిలో ముందుగా ఉదయించే మింటాకా భూమధ్యరేఖకు దాదాపు సరిగ్గా పైన ఉంటుంది. అందుకని అది ఎక్కడి నుంచి చూసినా తిన్నగా తూర్పున ఉదయించి తిన్నగా పడమరన గూకుతుంది. కొత్త చోట దిక్కు తెలియనప్పుడు అది లేచే చోటు తూర్పు, దిగే చోటు పడమర.

ఈ మూడింటికి పైన ఒక ఎర్రని నక్షత్రం, కింద ఒక నీలి తెలుపు నక్షత్రం ఉంటాయి. ఎర్రనిది ఆరుద్ర, ఇంగ్లీషులో బీటెల్‌గూస్. తొలకరికి నేల మీద పాకే ఆరుద్ర పురుగు ఎరుపు, ఈ నక్షత్రమూ ఎరుపే. ఇది ముసలిదైపోయిన మహా నక్షత్రం. సూర్యుడి స్థానంలో దీన్ని పెడితే భూమినీ అంగారకుడి కక్ష్యనూ దాటి వ్యాపిస్తుంది. 2019 చివర, 2020 మొదట్లో ఇది కంటికి తెలిసేంత మసకబారింది. పేలిపోతుందేమోనని ప్రపంచమంతా చూసింది. నక్షత్రం విసిరిన పదార్థం ధూళిగా మారి అడ్డం రావడం ముఖ్య కారణమని తర్వాత తేలింది. ఎప్పటికైనా అది పేలక తప్పదు. ఆ రోజు రేపే కావచ్చు, లక్ష ఏళ్లకూ కావచ్చు. కింద ఉన్న నీలి నక్షత్రం రైజెల్ 860 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నా ఇంత వెలుగుతోంది. కాంతి సంవత్సరం అంటే వెలుగు ఏడాదిలో వెళ్లే దూరం.

మరి మృగశిర ఏది? ఆరుద్రకూ, దాని సరసన పడమరగా ఉన్న ఇంకో భుజం నక్షత్రానికీ మధ్య, కాస్త ఉత్తరంగా, ముద్దగా కనిపించే మూడు చిన్న నక్షత్రాలే మృగశిర. ఇంత పేరున్న నక్షత్రం ఇంత సన్నగా ఉందేమిటి అనిపిస్తుంది. ఫర్వాలేదు, ముందు ఆరుద్రను పట్టుకుంటే మృగశిర దానంతటదే దొరుకుతుంది. మూడు నక్షత్రాలకు దక్షిణాన, నాగలి మేడి అనుకునే చోట, కళ్లు చిట్లించినా విడిపోని ఒక మసక మచ్చ ఉంటుంది. అది 1,300 కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో కొత్త నక్షత్రాలు పుడుతున్న వాయు మేఘం. మామూలు బైనాక్యులర్స్ ఉంటే దాన్ని తప్పక చూడాలి.

మూడు నక్షత్రాల గీతను పడమర పైకి పొడిగిస్తే నారింజ రంగు రోహిణి వస్తుంది. "రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి" అన్నప్పటి రోహిణి ఇదే. అది 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. 1960లో మహారాష్ట్ర రాష్ట్రం ఏర్పడిన రోజుల ప్రాంతంలో బయలుదేరిన వెలుగు ఇప్పుడు మన కంట పడుతోంది. ఉత్తరాన పసుపు పచ్చగా వెలిగే బ్రహ్మహృదయం దూరం 43 కాంతి సంవత్సరాలు. దాని వెలుగు 1982లో గడ్చిరోలి జిల్లా పుట్టిన కాలం నాటిది. రోహిణిని దాటి ఇంకా పడమరకు వెళ్తే కృత్తికలు, ఊళ్లలో కొందరు పిల్లలకోడి అనే చిన్న గుంపు. మంచి చూపు ఉన్నవాళ్లకు ఆరో ఏడో కనిపిస్తాయి. ఆ గుంపు వయసు సుమారు 10 కోట్ల సంవత్సరాలు. మన తాలూకాలోని వడధంలో రాళ్లలో దొరికిన రాక్షసబల్లుల శిలాజాలు 15 కోట్ల సంవత్సరాలకు పైబడినవి. అంటే ఆ జంతువులు ఈ నేల మీద తిరిగినప్పుడు ఆకాశంలో కృత్తికలు లేవు. ఈ సంగతి మా పిల్లలందరూ వడధం వెళ్లినప్పుడు వినాలని నా కోరిక.

ఆరుద్రకు తూర్పున, కొంచెం ఉత్తరంగా పక్కపక్కనే రెండు నక్షత్రాలు పునర్వసు. దాని తర్వాత పుష్యమి దగ్గర కంటికి మబ్బు తునకలా కనిపించేది నిజానికి ఒక నక్షత్రాల గుంపు. పట్నాల్లో అది కనబడదు, ఇక్కడ కనబడుతుంది. ఆశ్లేష సన్నటి నక్షత్రాల చిన్న వలయం. ఆ తర్వాత ఒంటరిగా, తెల్లగా, స్పష్టంగా మఖ. జనవరి చివర రాత్రి 9 గంటలకు మేడ ఎక్కితే కృత్తిక నెత్తికి కాస్త పడమరన, మఖ తూర్పున కొంచెం పైన ఉంటాయి. మే నుంచి ఆగస్టు చివరి దాకా ఉన్న కార్తెలన్నీ, అంటే దుక్కి నుంచి నాట్లూ కలుపూ దాకా రైతు పడే ఆరాటమంతా, ఒక్క చూపులో ఆకాశం మీద పరిచి ఉంటుంది.

కార్తెల దారిలో లేనివి, అయినా వదలకూడనివి రెండున్నాయి. మూడు నక్షత్రాల గీతను ఆగ్నేయంగా కిందికి పొడిగిస్తే ఆకాశంలోకెల్లా కాంతివంతమైన నక్షత్రం లుబ్ధకం వస్తుంది. దూరం 8.6 కాంతి సంవత్సరాలే. ఉదయించే వేళ అది ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు మార్చుతూ మిణుకుతుంటే విమానమనో ఇంకేదో అనో భయపడేవాళ్లున్నారు. దిగువన ఉన్నప్పుడు దాని వెలుగు మందమైన గాలి పొరల్లోంచి వంకరలు పోతూ వస్తుంది, అంతే. రెండోది అగస్త్యుడు. ఇది దక్షిణాది సొత్తు. లండన్‌లో ఎప్పటికీ ఉదయించదు. ఢిల్లీలో నేలకు 9 డిగ్రీల ఎత్తుకు మించి లేవదు. సిరొంచలో 18 డిగ్రీలు లేస్తుంది. చేయి చాచి పిడికిలి పడితే ఆ పిడికిలి వెడల్పు 10 డిగ్రీలు కాబట్టి, ఒకదాని మీద ఒకటి రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ. ఫిబ్రవరి రెండో వారంలో రాత్రి 9 గంటలకు గోదావరి ఒడ్డున కాళేశ్వరం వైపు తిరిగి నిలబడితే చెట్లు అడ్డం లేకుండా దొరుకుతుంది. మొత్తం ఆకాశంలో అత్యంత కాంతివంతమైన పది నక్షత్రాల్లో ఆరు ఆ సమయానికి ఒక్కసారే పైన ఉంటాయి. చలికాలపు ఆకాశం మెరిసిపోవడానికి గాలి తేటగా ఉండటం ఒక కారణమే. అసలు కారణం ఈ దిక్కున నిజంగానే గొప్ప నక్షత్రాలు ఉండటం.

అయితే పాలపుంత విషయంలో చలికాలం నిరాశపరుస్తుంది. మన పాలపుంత నడిబొడ్డు మూల నక్షత్రం దిక్కున ఉంది. డిసెంబర్‌లో సూర్యుడు అక్కడే ఉంటాడు. మంట అవతల ఇల్లు సంగతే మళ్లీ. కాబట్టి ఇప్పుడు మనకు కనిపించేది పాలపుంత అంచు వైపు, ఆరుద్రకూ పునర్వసుకూ మధ్య పోయే పలచటి పట్టీ. సప్తర్షులను చూపించబోయి ఇబ్బంది పడేవాళ్లు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి: డిసెంబర్‌లో అవి పూర్తిగా పైకి రావాలంటే అర్ధరాత్రి దాటాలి.

రాలే చుక్కల కోసమైతే డిసెంబర్ 13, 14 రాత్రులు మేలుకోండి. ఏడాదిలో బాగా కురిసే ఉల్కల్లో ఇవి ముందు వరసలో ఉంటాయి. పునర్వసు పక్క నుంచి చిమ్ముతున్నట్టు కనిపిస్తాయి. చాలా ఉల్కలు తోకచుక్కల ధూళి నుంచి వస్తే, ఇవి 1983లో కనుగొన్న ఫేథాన్ అనే గ్రహశకలం వదిలిన ధూళి నుంచి వస్తాయి. చాప వేసుకుని పడుకుని చూడటమే పద్ధతి.

ఇప్పుడు కార్తెల్లో ఉన్న ఒక లోపం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దీని మీద ఆధారపడి విత్తనం వేసేవాళ్లున్నారు. సూర్యుడు నక్షత్రాల మధ్య ఒక చుట్టు పూర్తి చేసే కాలం, ఋతువులు తిరిగొచ్చే కాలం కన్నా దాదాపు 20 నిమిషాలు ఎక్కువ. భూమి అక్షం సుమారు 26,000 ఏళ్లకు ఒక చుట్టు మెల్లగా తిరగడం వల్ల వచ్చే తేడా ఇది. ఏటా 20 నిమిషాలంటే 72 ఏళ్లకు ఒక రోజు. 1863లో వివేకానందుడు పుట్టిన జనవరి 12 సంక్రాంతి రోజు. ఇప్పుడు సంక్రాంతి 14నో 15నో వస్తోంది. 1,700 ఏళ్ల కిందట మిరుగు ఇప్పటి మే మధ్య నాటి ఎండలో పడేది. వానలు నక్షత్రాన్ని చూసి రావు. సూర్యుడు ఉత్తరానికి వచ్చి నేల వేడెక్కడం, సముద్రం నుంచి గాలి తిరగడం వాటిని తెస్తాయి. కార్తె మంచి తేదీ గుర్తు. దాన్ని వాన హామీగా తీసుకుని మొదటి జల్లుకే విత్తి, మళ్లీ విత్తనం కొనుక్కునే రైతులను చూస్తే బాధేస్తుంది. మిరుగు వచ్చినా నేల తడి చూసి, వాతావరణ శాఖ సూచన విని విత్తడమే మంచిది.

చివరగా, ఈ వరసలో మీ లెక్కకు అందని కాంతివంతమైన చుక్క ఏదైనా మిణకకుండా నిలకడగా వెలుగుతుంటే అది గ్రహం. వాటిలో గురుడు మన ఊరికి బాగా కావలసినవాడు. రాశికి ఏడాది చొప్పున 12 ఏళ్లకు చుట్టి వస్తాడు, ఆయన మారే రాశిని బట్టే నదులకు పుష్కరాలు. మీనంలోకి వచ్చినప్పుడు మన పక్కనే పారే ప్రాణహితకు, 2022 ఏప్రిల్‌లో అలాగే జరిగింది. సింహంలోకి వచ్చినప్పుడు గోదావరికి, అది 2027లో. సింహం అంటే మఖ ఉన్న చోటు, చలికాలపు రాత్రి ఆకాశం. అందుకే 2027 ఫిబ్రవరిలో గురుడు మఖకు పడమర పక్కనే, సాయంత్రం నుంచి తెల్లవారే దాకా కనిపిస్తాడు. గోదావరి పుష్కరాలకు వచ్చే గురుణ్ని నెలల ముందే చూడొచ్చు. ప్రాణహిత పుష్కరాలకు ముందటి చలికాలంలో, అంటే 2021 డిసెంబర్‌లో, ఆయన చీకటి పడ్డాక కొన్ని గంటలే పడమట ఉండి దిగిపోయేవాడు. 2034లో మళ్లీ ప్రాణహిత వంతు వచ్చినప్పుడు, అంతకు ముందటి డిసెంబర్‌లోనూ ఆయన్ని వెతకాల్సింది పొద్దుగూకగానే పడమటి వైపే.